బావ గోలీ నాకు, నా గోలీ బావకు

"బీపీ గోలీ వేసుకుంటే లావెక్కుతరా కాకా?" అని భివండీలోని కామత్‌ఘర్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కుర్రవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు. డాక్టర్ని అడగండిరా అంటే అడగరు. దవాఖానాలో వరసలో కూర్చుంటే పాలీ, అంటే షిఫ్టు, పోతుంది, పాలీ పోతే ఆ పూట కూలీ పోతుంది. నేనైతే మా అల్లుడి కిరాణా కొట్టు ముందు కుర్చీ వేసుకుని ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తాను. అందుకని నా దగ్గరికొస్తారు. వచ్చినవాళ్ళకి మా బావ సంగతి మొదలుపెడతాను. సగం విని, "గదంత సరే గని, లావెక్కుతరా లేదా?" అంటూ లేచిపోతారు. కూర్చుని చదివే ఓపిక ఉన్నవాళ్ళ కోసం ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

బావ అంటే మేనత్త కొడుకు కాదు, చెల్లెలి మొగుడూ కాదు. వాళ్ళ ఊరికీ మా ఊరికీ మధ్య ఒక వాగు, అంతే. బొంబాయి పక్కన ఈ భివండీలో బట్ట నేసే కార్ఖానాలో చేరిన మొదటి రోజే వరస కలిపేసుకున్నాం. ఒకే కార్ఖానా, పడుకునే గది ఒకే ఖోలీ, తినడానికి ఒకే బిస్సీ. నెలకింతని కట్టి రెండు పూటలా తినే మెస్‌ని ఇక్కడ బిస్సీ అంటారు. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉన్న మాలాంటి వాళ్ళకి అదే ఇల్లు. బావ మంచివాడు. వాడితో నాకున్న పేచీ అదే.

పోగు తెగితే వాడు వేసిన ముడి బట్టలో ఎక్కడుందో కనబడేది కాదు. నేను వేసిన ముడి గుడ్డివాడి చేతికి కూడా తగిలేది. మా మీద అజమాయిషీ చేసే ముకద్దం నన్ను "ఏయ్" అని పిలిచేవాడు, వాణ్ణి "దాదా" అనేవాడు. బిస్సీ నడిపే అక్క నా గిన్నెలో పప్పు పైనుంచి తేర్చి పోసేది, వాడికి అడుగునుంచి తోడి పోసేది. నేను ఇవన్నీ చూసేవాణ్ణి. చూసి ఊరుకునేవాణ్ణి కాదు, లోపల కుతకుతలాడిపోయేవాణ్ణి. ఇద్దరం పక్కపక్క గల్లీల్లో చెరి నాలుగు సాంచాల మీద నిలబడేవాళ్ళం కాబట్టి కుళ్ళుకోవడానికి నాకు పన్నెండు గంటలూ తీరిక దొరికేది.

ఒక శుక్రవారం సెలవు రోజున మన తెలుగువాళ్ళ హాల్లో ఉచితంగా బీపీ చూస్తున్నారంటే ఇద్దరం వెళ్ళాం. ఇద్దరికీ ఉందని తేలింది. ఆరోజు వచ్చిన డాక్టరు ఇద్దరికీ గోలీలు రాశాడు. ఖోలీకి వచ్చి చూసుకుంటే ఇద్దరివీ ఒకటి కావు. నాది తెల్లది, వాడిది లేత పసుపుది. జబ్బు ఒకటే అయినప్పుడు గోలీలు రెండు రకాలెందుకు? నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మంచిది వాడికిచ్చి, మిగిలింది నా మొహాన కొట్టారనుకున్నాను.

అనుమానం నిజమైనట్టే కనిపించింది. కొన్ని వారాలకే నా కాళ్ళు ఉబ్బడం మొదలుపెట్టాయి. పాలీ దిగేసరికి చీలమండలు కనబడేవి కాదు, చెప్పు పట్టీ దిగబడి గాడి పడేది. పొట్ట నాకు ముందునుంచీ ఉన్నదే గానీ, అది కూడా పెరిగిందనిపించింది. బావ మాత్రం తీగలాగా సాగిపోతున్నాడు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడిచాడు. తర్వాత ఇంకోటి పొడిచాడు. నేను బెల్టు మానేసి లుంగీలోకి మారాను.

ఈ లావు, సన్నం గొడవ ఆడవాళ్ళ అద్దం ముందు ముచ్చట అనుకోకండి. సాంచాల మీద అది కూటి ముచ్చట. అప్పుడే మా సేటు ఇంకొన్ని పాత సాంచాలు కొని, అదే షెడ్డులో ఇరికించాడు. చోటు చాలక వరసలన్నీ దగ్గరికి జరిపించాడు. కిటికీ పక్క వరసలో ఒక్క మనిషికి ఆరు సాంచాలు పెట్టారు. ఆరంటే నాలుగు నడిపేవాడి కూలీకి సగం కలుస్తుంది, పైగా కిటికీ గాలి. కానీ ఎదురెదురు సాంచాల మధ్య మనిషి నిలబడే గల్లీ మూరెడే మిగిలింది. అక్కడ నిలబడాలని నేను ప్రాణం పెట్టుకున్నాను. బావ కూడా అడిగాడని తెలిసింది.

ముకద్దం నన్ను పైనుంచి కిందికి చూశాడు. మరాఠీ మనిషే గానీ మాతో తిరిగి తిరిగి మన మాట నేర్చాడు. "ఆ గల్లీల నువ్వు తిరిగితె నీ పొట్ట బట్టకు రాస్కుంటది. చెమట దాగ్ పడ్డ తాను సేటు తీస్కోడు. సన్నగున్నోళ్ళకే ఆ లైన్" అన్నాడు.

అతనన్నది తప్పేం కాదు. తెల్ల బట్ట మీద చెమట, నూనె కలిసిన మరక పడితే పోదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు బావ పక్కనే నిలబడి, రెండు చిల్లులు పొడిచిన బెల్టు పైకి లాక్కుంటున్నాడు. నా కడుపు మండిపోయింది. గోలీ మానేద్దామనుకున్నాను. కానీ అంతకుముందే మా వరసలో ఒకతను బీపీ గోలీలు మానేసి, నోరు వంకరపోయి, ఊరికి వెళ్ళిపోయాడు. ఆ భయం ఒకటుంది. మానకూడదు, వేసుకుంటే లావెక్కుతాను. మరి బావ గోలీ అయితే?

ఆ శుక్రవారం నల్లా దగ్గర బట్టలు ఉతుక్కుంటుంటే ఆ మాట ఎలా ఎత్తాలా అని చూస్తున్నాను. వాడే ఎత్తాడు.

"బావా, నీ గోలి మంచిగున్నట్టున్నది. నిండుగ కనవడుతున్నవ్."

నాకు ఒళ్ళు మండింది. "ఎటకారమా?"

"ఎటకారమేంది? నన్ను చూడు, దవడలు గుంజుకపొయ్నయ్. మొన్న ఊరికి పోతే టీబీ ఉన్నదా అని అడిగిండ్రు. ఇగ మూత్రమైతే ఆగుతలేదు. నేను గట్ల పోయి వచ్చెటాల్లకు రెండు సాంచలల్ల పోగులు తెగి ఉంటున్నయ్. ముకద్దం నిన్న పాడైన బట్ట చూపెట్టి నన్ను తిట్టిండు, ఎరికేనా?"

ఎరుక లేదు. బావను ముకద్దం తిట్టాడన్న మాట చెవిన పడగానే ప్రాణం కాస్త హాయిగా అనిపించింది. వాడు చొక్కా పిండుతూ మళ్ళీ అన్నాడు: "డాక్టరు నాది నీళ్ళు పొయ్యె గోలి అన్నడు. అదే నన్ను ఎండవెడ్తున్నది. నీదైతే మనిషిని నింపుతున్నది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా పనిలో బద్లీ అనే పద్ధతి ఉంది. ఊరికి పోవాల్సి వచ్చినవాడు తన సాంచాల మీద ఇంకొకణ్ణి నిలబెట్టి పోతాడు. ఈ వారం నీ రాత్ పాలీ నాకు, నా దిన్ పాలీ నీకు అని మార్చుకుంటాం. ముకద్దానికి చెబితే చాలు, ఒక్కోసారి చెప్పం కూడా. పాలీలు మారతాయి, సాంచాలు మారతాయి, ఖోలీలో పడుకునే చోటు కూడా మారుతుంది. ఇన్నేళ్ళుగా అన్నీ మార్చుకుని బతికినవాళ్ళకి గోలీలు మార్చుకోవడం తప్పని ఎలా తోస్తుంది?

"బద్లీ చేసుకుందామా?" అన్నాను.

"చేసుకుందాం తియ్యి. ఇద్దరిదీ బీపీయేనాయె" అన్నాడు బావ.

అలా నా తెల్ల గోలీలు వాడి డబ్బాలోకి, వాడి పసుపు గోలీలు నా డబ్బాలోకి వెళ్ళాయి. అయిపోతే మందుల షాపులో ఖాళీ రేకు చూపించి తెచ్చుకునేవాళ్ళం. ఎవరి రేకు ఎవరిదని అక్కడ ఎవరూ అడగలేదు.

వారం తిరిగేసరికి నా కాళ్ళ వాపు దిగింది. చీలమండలు కనబడ్డ రోజు ఖోలీలో అందరికీ లుంగీ ఎత్తి చూపించాను. ఇక పొట్ట కరుగుతుంది, బావ ఉబ్బుతాడు, కిటికీ వరస నాదే అని గట్టి నమ్మకంతో ఉన్నాను.

పొట్ట అంగుళం కూడా కదల్లేదు. అది సరే. నా గోలీ మింగుతున్న బావ, నన్ను ఉబ్బబెట్టిన అదే గోలీ మింగుతున్న బావ, ఇంకా సన్నబడ్డాడు. బెల్టుకి మూడో చిల్లు పొడుస్తుంటే చూసి నాకు మతిపోయింది. నా దగ్గరున్నప్పుడు లావెక్కించిన గోలీ వాడి దగ్గరికి పోగానే సన్నబరిచే గోలీ అయింది. దేవుడు కూడా వాడి పక్కనే నిలబడ్డాడని నాకు ఏడుపొచ్చింది.

వాడు చాటుగా ఇంకేదో మందు తింటున్నాడని అనుమానించాను. వాడు స్నానానికి పోయినప్పుడు వాడి డబ్బా, సంచీ తిరగేశాను. ఏం లేదు. బిస్సీలో వాడి పళ్ళెం వైపే చూస్తూ కూర్చున్నాను. వాడు నాకంటే ఎక్కువ చపాతీలు తింటున్నాడు. మళ్ళీ పెట్టించుకుంటున్నాడు, అన్నం కూడా కలుపుకుంటున్నాడు. నేనేమో ఆ వరస కోసం ఒక చపాతీ మానుకుని మాడుతున్నాను.

"నిజం చెప్పు బావా, ఏం మందు తింటున్నవ్?" అని అడిగేశాను.

"మందేంది? ఆకలైతున్నది, తింటున్న."

"గింత తిని గట్లెట్ల ఉన్నవ్?"

"నువ్వు నా అన్నం మీద కండ్లు వెడ్తున్నవ్ గదా, గందుకే ఒంటికి వడ్తలేదు" అని నవ్వాడు. బిస్సీలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు.

ఇంకోటి కూడా చూశాను. నీళ్ళు పోయే గోలీ నాకు వచ్చేసినా, మూత్రానికి పరుగెత్తేది మాత్రం ఇంకా వాడే. నీళ్ళ క్యాను పక్కన పెట్టుకుని గటగట తాగేవాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. వాడు సన్నగా ఉన్నాడు, నేను లేను. నా తలకాయకి ఎక్కింది అంతే.

ఎండాకాలం వచ్చింది. కిటికీ వరస ఎవరికివ్వాలో తేల్చడానికి ముకద్దం ఇద్దరినీ కొన్నాళ్ళు నడిపించి చూస్తానన్నాడు. ముందు నన్ను నిలబెట్టాడు. పొట్ట బట్టకి తగలకుండా తువ్వాలు బిగించి కట్టి ఆ గల్లీలో దిగాను. పైన రేకులు మండుతున్నాయి. కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, ఆవిరి. చెమట కారి కారి లుంగీ తడిసిపోయింది. తువ్వాలు తడవకూడదని నీళ్ళు కూడా తాగలేదు. నీళ్ళు బయటికి తోసే గోలీ పొద్దున్నే మింగి, ఎండలో చెమట కారుస్తూ, నీళ్ళు తాగకుండా నిలబడ్డానన్నమాట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మధ్యాహ్నం ఒక సాంచ కింద పోగు చిక్కుకుంటే వంగి తీశాను. లేచి నిలబడేసరికి కళ్ళ ముందు నల్లటి తెర పడింది. సాంచాల చప్పుడు దూరంగా పోయింది. ముందుకి ఒరిగితే ముందుకీ వెనక్కీ ఆడుతున్న సాంచా పలక నా మొహం మీద కొట్టేది. కానీ పడలేదు. నా పొట్ట రెండు సాంచాల బట్ట చుట్టుకునే దుంగల మధ్య ఇరుక్కుపోయింది. ముకద్దం వద్దన్న పొట్టే నన్ను నిలబెట్టి పట్టుకుంది. తన నాలుగు సాంచాలు వదిలేసి బావ పరుగెత్తుకొచ్చాడు. స్విచ్చి కట్టేసి, చంకల కింద చేతులు వేసి నన్ను వెనక్కి లాగాడు.

"బావా, కండ్లు తెరువు, నన్ను చూడు" అంటున్నాడు. కళ్ళు తెరిచాను. నన్ను లాగినందుకే వాడు కుక్కలాగా రొప్పుతున్నాడు, కాళ్ళు వణుకుతున్నాయి. అంత సన్నగా ఉన్నాడు కదా, ఎందుకంత ఆయాసం అనుకున్నాను. ఆ స్థితిలో కూడా నాకు అదే తోచింది.

ముకద్దం ఇద్దరినీ షేర్ ఆటో ఎక్కించి సర్కారీ దవాఖానాకి పంపాడు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా బీపీ చూసి, బాగా పడిపోయిందని, ఏం గోలీ వేసుకుంటావని అడిగింది. పసుపుది చూపించాను. నీకు రాసింది ఇదేనా అంది. కాదు, మా బావది అన్నాను. మరి నీది? బావ చొక్కా జేబులోంచి నా తెల్ల గోలీల రేకు తీశాడు.

"తుమ్ దోనోం పాగల్ హో క్యా?" అంది, మీ ఇద్దరికీ పిచ్చా అని.

బద్లీ సంగతి చెప్పాం. ఆమె చాలాసేపు తిట్టింది. నా కాళ్ళకొచ్చింది కొవ్వు కాదట, నీరట. ఆ తెల్ల గోలీ కొంతమందికి అలా చేస్తుందట. వచ్చి చెబితే వేరేది రాసిచ్చేవాళ్ళం కదా, పొట్టకీ దానికీ సంబంధం లేదు, ఆ పొట్ట నువ్వు పెంచుకున్నదే అంది. అందరి ముందూ అంది. నేను తలదించుకుని విన్నాను. కానీ వింటున్నకొద్దీ నా లోపల ఇన్నాళ్ళుగా ఉడుకుతున్నది పొంగింది.

"మరి వీని సంగతేంది మేడం?" అన్నాను, వచ్చీరాని హిందీలో. "అదే గోలీ నన్ను ఉబ్బించింది. వీడు అదే మింగి ఎండిపోతున్నాడు. నాకంటే ఎక్కువ తింటాడు. నీళ్ళ క్యాను ఒక్కడే ఖాళీ చేస్తాడు. నీళ్ళ గోలీ నా దగ్గరుంటే మూత్రానికి పోయేది వాడు. నేను కడుపు మాడ్చుకున్నా సన్నబడలేదు, వాడు తిని సన్నబడుతున్నాడు. ఇదెక్కడి న్యాయం?"

డాక్టరమ్మ తిట్టడం ఆపేసింది. నా వైపు కాదు, బావ వైపు తిరిగింది. "ఎప్పటినుంచి?" అని వాణ్ణి అడిగింది. బెల్టు చూసింది. చొక్కా ఎత్తమని పక్కటెముకలు చూసింది. చెప్పు విప్పమంది. బొటనవేలి పక్కన ఒక పుండు ఉంది. చెప్పు కరిచిందన్నాడు, మానడం లేదన్నాడు. ఒకే ఖోలీలో పడుకుంటూ వాడి పళ్ళెంలో చపాతీలు లెక్కపెట్టిన నేను ఆ పుండు చూడలేదు. ఆమె వాడి వేలికి సూది గుచ్చి చుక్క రక్తం చిన్న మిషన్ మీద పెట్టింది. మిషన్ అంకె చూపించలేదు. అది కొలవగలిగినదానికంటే చక్కెర ఎక్కువుందంటే అలాగే అవుతుందని నర్సుతో అంటుంటే విన్నాను.

వెంటనే వాణ్ణి మంచమెక్కించి సెలైన్ పెట్టారు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళ సీసా చేతికిచ్చారు. కళ్ళు తిరిగింది నాకు, మంచం వాడికి. అప్పుడు కూడా నాకు ఒళ్ళు మండిందంటే నమ్ముతారా? మండింది. డాక్టరమ్మ వచ్చి, "ఇంకో వారం ఆగి ఉంటే నీ బావ స్పృహ తప్పేవాడు, తర్వాత మా చేతుల్లో ఉండేది కాదు" అని చెప్పే దాకా మండింది.

ఆ మాట తర్వాత చల్లారిపోయింది. ఇన్ని నెలలుగా నేను దేన్ని చూసి కుళ్ళుకున్నానో అది జబ్బు. ఆ బెల్టు చిల్లులు, ఆ ఆకలి, ఆ దవడలు, అన్నీ. నాకు కూడా అలా కావాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఏంది బావా, మంచం కూడ నాకే దొరికిందని ఏడుస్తున్నవా?" అన్నాడు వాడు కళ్ళు మూసుకునే.

"అవును" అన్నాను. నిజంగానే ఏడుస్తున్నాను.

వాడు దవాఖానాలో ఉండగా ముకద్దం నన్ను పిలిచి కిటికీ వరస ఇచ్చాడు. వాడు లేడు కాబట్టి ఇచ్చాడు, మరేం కాదు. నాకు డాక్టరమ్మ వేరే గోలీ రాసింది. కాళ్ళు ఉబ్బలేదు, కళ్ళు తిరగలేదు. తువ్వాలు బిగించుకుని ఆరు సాంచాల మధ్య నిలబడ్డాను. కోరుకున్నదే దొరికింది. పక్క గల్లీలో బావ సాంచాల మీద బద్లీగా ఎవరో కొత్త మనిషి. నా ముడి బాగుందో లేదో అతనికి పట్టదు. నా వైపు తల కూడా ఎత్తడు. సాయంత్రం దాకా పక్కకి చూడటం, మళ్ళీ పోగు వెతుక్కోవడం, ఇదే పని. ఆ వరస మీద నిలబడ్డ అన్ని రోజుల్లో నాకు ఒక్క పూటైనా గొప్పగా అనిపించలేదు.

బావ తిరిగొచ్చాడు. చక్కెరకి మందు పడగానే ఒళ్ళు పట్టింది, దవడలు నిండాయి. "లావెక్కుతున్న బావా" అని వాడి గోల. కాలికి దెబ్బ తగలకూడదని, ఎక్కువసేపు నిలబడకూడదని డాక్టరమ్మ చెప్పిందట. సేటు వాణ్ణి బట్ట మడతపెట్టే చోట కూర్చోబెట్టాడు. కుర్చీ, నెత్తి మీద ఫ్యాను. చెమట కారుస్తూ ఆరు సాంచాల మధ్య నేను, ఫ్యాను కింద వాడు. మళ్ళీ మొదలైంది నాకు.

ఇన్ని సంవత్సరాలు గడిచాయి. ఇద్దరం పని మానేశాం, పెళ్ళాలు ఇక్కడికే వచ్చేశారు. వాడి ఇల్లు పక్క గల్లీలో. నెలకోసారి ఇద్దరం కలిసే బీపీ చూపించుకోవడానికి పోతాం. గోలీ పడకపోతే చెప్పేస్తాం, డాక్టరమ్మ మారుస్తుంది. మేం మార్చుకోం. పిల్లలూ, మీరడిగినదానికి జవాబు ఇందులోనే ఉంది. లావైనా, సన్నబడినా, కాళ్ళు ఉబ్బినా డాక్టరుతో చెప్పండి. పక్కవాణ్ణి చూసి కుళ్ళుకోవద్దని మాత్రం నేను చెప్పలేను. ఆరోజు నేను కుళ్ళు కడుపులో దాచుకుని మర్యాదగా కూర్చుని ఉంటే మా బావ ఈరోజు ఉండేవాడు కాదు. అందుకు వాడు నాకు ఒక్కసారి కూడా థ్యాంక్స్ చెప్పలేదు.

మొన్న కూడా వెళ్ళాం. ముందు నాకు చూసి, తర్వాత వాడికి చూశారు. వాడి అంకె నాకంటే బాగుంది. నర్సు "వెరీ గుడ్ కాకా" అంది. నన్ననలేదు. బావ చొక్కా చెయ్యి కిందికి దింపుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"ఏంది బావా, మళ్ళ కడుపు మండుతున్నదా?"

"మండుతున్నది" అన్నాను.

"మండనియ్యి. నువ్వు నన్ను చూసి కుళ్ళుతున్నన్ని దినాలు నాకేం గాదు" అన్నాడు. చెప్పులు వేసుకోబోతూ నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. వంగి వాడి బొటనవేలు చూశాను. పుండు లేదు.